ప్లాస్టిక్ తొడిగిన పుస్తకాలు

పుస్తకాల షాపులకి మళ్ళీ మంచిరోజులొచ్చాయని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం మానేసి, బ్రాడీపేటలో రెండు కోచింగ్ సెంటర్ల మధ్య షాపు పెట్టింది నేను. కథలూ నవలలూ తప్ప గైడ్లు అమ్మనని పంతం పట్టిందీ నేనే. ఏడాదిలో నిజంగా చదివే మనుషులు దొరక్కపోతే మూసేసి మళ్ళీ పాఠాలు చెప్పుకుంటానని మా ఆవిడకి మాటిచ్చాను. పది నెలలు గడిచిపోయాయి.

జనం రాలేదా అంటే, వచ్చారు. అలమరల ముందు నిలబడి ఫొటోలు దిగారు. తెరిచిన పుస్తకం చేతిలో పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ వీడియోలు తీయించుకున్నారు. "అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా" అని నా షాపులో నన్నే జరిపారు. అట్ట ఫొటో తీసుకుని, నా ఎదురుగానే ఫోన్లో ఆర్డర్ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు ఒకమ్మాయి కొత్త నవల మీద కాఫీ ఒలకబోసి, సారీ చెప్పి పోయింది. అంతే, తిక్క రేగింది నాకు. ఆదివారమంతా కూర్చుని ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ తొడిగి అంటించేశాను. కొంటేనే విప్పుతామని బోర్డు కూడా పెట్టాను.

ఆ వారంలోనే మిర్చియార్డు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. చొక్కాకి పట్టిన మిరప ఘాటుకి నాకు రెండు తుమ్ములొచ్చాయి. తువ్వాలుతో చేతులు బాగా తుడుచుకుని గాని పుస్తకం ముట్టుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"లోపల ఒక పేజీ చూడొచ్చాండీ?"

"కొంటే విప్పుతానండి."

"చదివి వినిపించడానికండి. కళ్ళంలో రంగు పోయిన తాలుకాయలు ఏరేటప్పుడు మా ఇంటిదీ, కూలోళ్ళూ కథ చదవమంటారు. మాట నోటికి తిరక్కపోతే వినరు. యార్డులో కూడా బస్తా కోసి, కాయ విరిచి చూసి గాని ఎవరూ ధర చెప్పరు కదండీ."

ఆయన చెప్పింది న్యాయమే. అప్పుడే ఒప్పుకుంటే సరిపోయేది. నా బోర్డు, నా పంతం. "ఒకరికి విప్పితే అందరికీ విప్పాలండి," అన్నాను. ఆయన పుస్తకం తీసినచోటే పెట్టి, "అయితే వద్దులెండి," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ ఇదంతా గొప్పగా చెప్పాను. మా ఆవిడ వడ్డించే గరిటె ఆపేసింది. "ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నారు. చదివేవాడు ఒక్కడూ రావడంలేదని ఏడ్చారే, ఆయన వెనక కళ్ళం నిండా వినేవాళ్ళున్నారు కదా," అంది.

మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకానికి ప్లాస్టిక్ చింపేసి, పట్టుకుని యార్డుకి వెళ్ళాను. బస్తాల మధ్య దగ్గుకుంటూ తిరిగాను. అందరూ ఆ వయసువాళ్ళే, అందరి భుజాన తువ్వాలే. చివరికి ఒక కమిషన్ వ్యాపారి జాలిపడి, "ఏ ఊరి రైతండీ?" అని అడిగాడు.

గడప తొక్కిన ప్రతి మనిషినీ ముందు ఏ ఊరని అడిగే జిల్లాలో పుట్టినవాణ్ణి. ఆ రైతుని అడగలేదు.