ఒంటిచెవి నంది, నీలం గేటు

మా ప్రభాకరన్న చర్చిలో ప్రార్థన చేస్తే దేవుడికి అడ్రసు కూడా చెబుతాడు. ఊరు, వీధి, సందు, కొండగుర్తు, గేటు రంగు, ఏదీ వదలడు.

"ప్రభువా, గోవిందమ్మకు కంటి ఆపరేషనైంది. నంద్యాల, నూనెపల్లె, పిండిమర పక్క సందు, మూడో ఇల్లు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, చూసుకో తండ్రీ!"

ఆ ఆదివారం నవ్వాపుకోలేక అడిగేశాను. "ఏందన్నా, దేవునికి దోవ తెలీదా?"

"ఆయనకు తెలుసప్పా. ఈడ కూర్చున్నోళ్లకు తెలియాల కదా!"

మర్నాడు గోవిందమ్మ ఇంటికి నాలుగు క్యారియర్లు వచ్చాయి. ఒకటి ఆయనదే. నా నవ్వు కాస్త తగ్గింది.

ఒకప్పుడు ఈ మనిషికి అడ్రసు తెలిసిందంటే అవతలివాడికి మూడినట్టే. కట్టె పట్టుకుని గుమ్మంలో దిగేవాడు. సువార్త విని బాప్తిస్మం తీసుకున్నాక కట్టె పోయింది, సారా పోయింది, అడ్రసులు మాత్రం మిగిలాయి.

ఒక్కరికే అడ్రసు చెప్పేవాడు కాదు. "ఆళ్లగడ్డలో మా అన్న ఓబులేసు, ప్రభువా..." అని అంతటితో ఆమెన్ అనేసేవాడు.

కళ్లు బాగైన గోవిందమ్మ ఓ రోజు నిలదీసింది. "అందరి సందులూ చెప్తావే, మీ అన్న ఇల్లు యాడో చెప్పవేందిరా?"

ఆయన తల దించుకున్నాడు. "ఆడ కొండగుర్తు నంది, అమ్మా. చెప్పేదానికి నోరు రాదు."

ఓబులేసు శిల్పి. పన్నెండేళ్ల కింద, పొలం గట్టు తగాదాలో, అన్న మూడు నెలలు చెక్కిన నంది చెవిని ఈయన తాగిన మత్తులో సుత్తితో ఎగరగొట్టాడు. ఒంటిచెవి నందిని ఎవరు తీసుకుంటారు? అది గేటు పక్కనే ఉండిపోయింది. అన్నదమ్ముల మాటలూ ఆ రోజుతోనే ఆగిపోయాయి.

తర్వాతి ఆదివారం ప్రభాకరన్న లేచాడు. "ప్రభువా, ఆళ్లగడ్డ, రాళ్లు చెక్కే వీధి, నేను చెవి పగలగొట్టిన నంది, నీలం గేటు."

ఆయన పెట్టిన ఆనవాయితీ ప్రకారం, అడ్రసు విన్నాక ఎవరో ఒకరు పోవాలి. సంఘమంతా ఆయన వైపే చూసింది.

మర్నాడు నేనే బస్సెక్కించి తీసుకుపోయాను. గేటు ముందు ఆయన ఆగిపోయాడు, చూపంతా నంది విరిగిన చెవి మీదే. తెలిసిన పని ఒకటే కాబట్టి కళ్లు మూసుకుని, వీధంతా వినేట్టు మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఒంటిచెవి నంది, నీలం గేటు ముందర నిలబడినాను. మా అన్న తన్నినా సరే, నాతో ఒక్క మాట మాట్లాడేట్టు చూడు..."

లోపల ఉలి చప్పుడు ఆగింది. గేటు తెరుచుకుంది. ఒళ్లంతా రాతిదుమ్ముతో ఓబులేసు బయటికొచ్చి, తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"నీలం గేటు యాడుందిరా? పచ్చరంగేసి ఆరేండ్లాయ! దేవునికి కూడా తప్పు అడ్రసు చెప్తాండావా?"

ప్రభాకరన్న కళ్లు తెరవలేదు. చెంపల మీద నీళ్లు మాత్రం కారుతున్నాయి. "పచ్చ గేటు, ప్రభువా," అని దిద్దుకున్నాడు.

"చాల్లే, లోపలికి రా. సంగటి చల్లారిపోతాంది," అని ఓబులేసు ఆయన రెక్క పట్టి లాక్కుపోయాడు.

ఆ హడావిడిలో ఆయన ఆమెన్ అనడం మరిచిపోయాడు. నంది పక్కన నిలబడి నేనే అనేశాను.