నా చేతికి చూసుకున్న వాచీ

పెడనలో మాకు కలంకారీ షెడ్డు ఉంది. నడిపేది నేను. మావారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పోయినేడు చీరలు కొనడానికి వచ్చిన ఒకావిడ చేతికి విదేశీ వాచీ ఉంది. నీలం డయలు, సన్నటి తోలు పట్టీ. ఆవిడ చీరలు చూస్తున్నంతసేపూ నేను ఆ వాచీనే చూస్తూ కూర్చున్నాను. ధర అడిగితే నవ్వుతూ చెప్పింది. గుండె ఆగినంత పనైంది.

అయినా మనసులోంచి పోలేదు. బందరు కొట్లలో అలాంటివి దొరకవు. ఒక పెద్ద ఆర్డరు పంపించేశాక, "బెజవాడ వెళ్లి ఆ వాచీ చూసొద్దామండీ" అన్నాను.

"ఫోనులో టైము కనపడట్లేదా నీకు?" అన్నారు మావారు. అంటూనే చొక్కా మార్చుకుని బయల్దేరారు.

షోరూములో సేల్స్‌మన్ వాచీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "చూడండి సార్, పూర్తిగా హ్యాండ్‌మేడ్."

"కొనేది నేనండీ," అన్నాను.

"అలాగే మేడమ్," అని మళ్లీ ఆయనకే చెప్పడం మొదలెట్టాడు.

చేత్తో చేసిందనగానే నాకు ఆశ పుట్టింది. మా చీర ధర విని మొహం చిట్లించేవాళ్లకు నేను రోజూ చెప్పే మాట అదే. బట్టను కరక్కాయ నీళ్లలో ఎందుకు నానబెడతామో, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ఎందుకు వేయాలో ఓపిగ్గా చెబుతాను. అందుకే అడిగాను.

"ఇందులో చేత్తో చేసేది ఏదండీ? ఒక మనిషికి ఎంతకాలం పడుతుంది?"

అతను తడబడ్డాడు. "బ్రాండ్ మేడమ్ ఇది. రీసేల్ వేల్యూ బాగుంటుంది."

"కొనకముందే అమ్ముకోవడం గురించి చెప్తారేంటండీ?"

ఏమైనా తగ్గిస్తారా అని అడిగేశాను. ఫిక్స్‌డ్ రేటన్నాడు. మా షెడ్డులో ఆ మాట అనేది నేను. సిగ్గేసింది, దాంతోపాటే ఒళ్లు మండింది. అయినా వాచీ చేతికి పెట్టుకున్నాను. బాగుంది. ఎంత బాగుందంటే, కొనేద్దామనే అనుకున్నాను.

అంతలో మావారు దాన్ని తీసుకుని తన మణికట్టు మీద ఆనించి చూశారు. "నిజంగా బాగుందే. అల్లుడికి పెడదామా? వచ్చేనెల వాళ్ల గృహప్రవేశం కదా!"

"నాకని వచ్చానండీ నేను."

"నీ చేతులు పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటాయి కదే. పాడైపోదూ?"

అందులో అబద్ధం లేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది. లేచి బయటికి వచ్చేశాను.

తిరుగు రైలు గుడివాడలో ఆగింది. అక్కడ ఆయన దిగి టీ తెచ్చిచ్చి, "బంగారం కొనుక్కోరాదూ? ఎప్పటికైనా ఉంటుంది" అన్నారు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

వారం పోయాక ఆయనే, "పద, ఆ వాచీ తెచ్చుకుందువుగాని" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ విలువుందా లేదా అని అన్నన్ని మాటలు నడిచాక దాని మీద ఇష్టం చచ్చిపోయింది. "వద్దులెండి," అన్నాను.

ఆ సాయంత్రం మావారు అవనిగడ్డలో ఉండే మా ఆడపడుచుతో ఫోనులో చెబుతున్నారు. "ఆఖరికి మీ వదినకే తెలిసొచ్చిందమ్మా, అంతా దండగని."

అది కాదని అరవాలనిపించింది. మరి ఏమిటంటే ఏం చెప్పాలో తోచక, తడిబట్టలు ఆరేయడానికి వెళ్లిపోయాను.