మంచుకొండకి మామ్మ పంపిన మూట

ఆ రోజుల్లో మా రంగూన్‌లో (పేరు యాంగాన్ అని మార్చారు గాని ఆ మార్పు మా వంటింటి దాకా రాలేదు) కుర్రకారుకి రెండే పనులు. టీ కొట్లో కూర్చోవడం ఒకటి, కూర్చున్నందుకు ఇంట్లో చీవాట్లు తినడం రెండోది. సైనిక పాలన మీద గొడవలు జరిగాక కాలేజీలు మూసేశారు. ఎప్పుడు తెరుస్తారని అడిగితే, అడిగినవాడు ఎవరని ఆరా తీసేవారు. ఉత్తరాలు సరిగా వచ్చేవి కావు. విశాఖపట్నంలో చుట్టాలు ఉన్నారా అని మాకు అనుమానం, మేం ఉన్నామా అని వాళ్లకి అనుమానం. అలా దేశమంతా లోపల గడియ పెట్టుకుని కూర్చున్న కాలంలో, గుడి మెట్లు తప్ప ఎత్తయినదేదీ ఎక్కి ఎరగని నేను హిమాలయాలకి గైడునయ్యాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం మా పేట లమ్మడా వీధుల్లో ఛాతీ విరుచుకుని తిరిగాను.

అసలు ఈ కథకి మొదలు నేను కాదు, మా మామ్మ మొక్కు. మామ్మ అంటే నాన్నకి అమ్మ. చిన్నతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, మా పప్పుల కొట్టు ఉన్న మేడలోనే ఐదో అంతస్తులో కాపురం చేసి, మా అందరినీ పెంచింది. గొడవల రోజుల్లో ఒక పొద్దున నేను ఊరేగింపు చూసొస్తానని చెప్పి వెళ్లాను. (చూడ్డానికే వెళ్లాను. కాని అలాంటి రోజున చూసేవాళ్లు కాసేపటికే నడిచేవాళ్లయిపోతారు.) తుపాకులు పేలాయి. అందరితో పాటు పరిగెత్తి, రేవు పక్కన సేక్కాన్‌లో ఒక ఎండుచేపల గోదాములో దూరాను. మర్నాడు మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరలేకపోయాను. నన్ను చూడకముందే మా వాళ్లకి నా వాసన అందింది. ఈలోగా మామ్మ మొక్కేసుకుంది, మనవడు ఇంటికొస్తే మంచుకొండ మీదున్న శివుడి దగ్గర కొబ్బరికాయ కొట్టిస్తానని. వీధి చివర గుళ్లో శివుడికి మొక్కుకుంటే ఆ సాయంత్రమే తీరిపోయేది. భయం అంత పెద్దది కాబట్టి దేవుడు కూడా అంత దూరపువాడు కావాలనుకుందేమో. నాన్న పాస్‌పోర్టు కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు గాని అది రాలేదు. మొక్కు అలాగే ఉండిపోయింది. నేను తుమ్మినా, కాలు బెణికినా మామ్మ "మొక్కు తీరకపోతే ఏటవుద్ది మరి" అని నిట్టూర్చేది. అలా నా జలుబులన్నిటికీ శివుడే బాధ్యుడయ్యాడు.

అలాంటప్పుడు మా వీధి మలుపులో ఒకాయన ప్రయాణాల ఆఫీసు తెరిచాడు. రంగూన్ ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు కాబట్టి మేం ఆయన్ని ఊ కోటు అనేవాళ్లం. (ఊ అంటే బర్మా భాషలో గారు.) ఉత్తరాన కచిన్ కొండల అవతల మన బర్మాలోనే ఒక మంచుకొండ ఉందనీ, దాని మొదట్లో ఉండే బేస్ క్యాంపు దాకా విదేశీయుల్ని నడిపించడానికి అనుమతి దొరికిందనీ, ఇంగ్లీషు ముక్కలు తెలిసిన కుర్రాడు కావాలనీ టీ కొట్లో చెప్పుకున్నారు. వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి బర్మా భాషలో అడిగాడు.

"కొండలెక్కావా?"

"లేదు సయా" అన్నాను. సయా అంటే మాష్టారని గౌరవం.

"మీ హిందువుల దేవుడు ఉండేది మంచుకొండల్లోనే కదా?"

"అవును సయా."

"మరి లేదంటావేం? నీకు పుట్టుకతో వచ్చిన అలవాటే" అని ఆ పూటే చేర్చుకున్నాడు. ఆ లెక్కన క్షీరసాగరం దగ్గరికి పంపితే నాకు ఈత కూడా వచ్చి ఉండాలి. కాని వచ్చిన ఉద్యోగాన్ని కాదనే రోజులా అవి!

ఇంటికొచ్చి చెప్పగానే మామ్మ చేటలో పప్పు చేటలోనే వదిలేసింది.

"ఆ కొండా మన శివుడి కొండా ఒకటేనేట్రా?"

"ఒకే వరస మామ్మా. ఆయనుండేది ఆ పక్కన, ఇది తూర్పు కొస."

"అయితే మరేటి! ఈదిగుమ్మం కాడ కొట్టినా, పెరటిగుమ్మం కాడ కొట్టినా ఇల్లు ఆయిందే కదా. నా కాయ అట్టుకెల్లు బాబూ. నీ సేత్తో కొట్టీ. నాకింకేటీ వొద్దు" అంది. అంటూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్లూ నేను నవ్వులాటగా తీసుకున్న ఆ మొక్కు ఆవిడ గుండెల మీద ఎంత బరువుగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. కాయ కొట్టి తీరతానని చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఇక అలవాటు కోసం కొండలెక్కాలి. రంగూన్లో కొండలెక్కడ? మా మేడకి లిఫ్టు లేదు కాబట్టి మెట్లే కొండ అనుకుని, కొట్లోంచి శనగపప్పు బస్తా వీపున వేసుకుని ఎక్కుతూ దిగుతూ ఉండేవాణ్ని. రెండో అంతస్తులో ఉండే చైనా అవ్వ తలుపు సందులోంచి ఇదంతా చూసింది. బస్తాలు పైకి పోవడమే ఆవిడకి కనిపించింది గాని, పోయిన బస్తా మళ్లీ కిందికి రావడం కనిపించలేదు. పప్పులవాళ్లు సరుకు దాచేస్తున్నారు, ధర పెరగబోతోంది అని పుకారు పుట్టింది. మర్నాడు తెల్లారేసరికి మా కొట్టు ముందు వీధి చివరిదాకా జనం. నాన్న ముందు కంగారుపడ్డాడు, తర్వాత నన్ను కొట్టబోయాడు, సరుకంతా అమ్ముడుపోయాక "రేపు కందిపప్పు బస్తా ఎత్తరా" అన్నాడు.

మామ్మ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, తాతయ్య ఎప్పుడో ఒక ఓడవాడి దగ్గర కొన్న ఎర్ర స్వెట్టరు విప్పి, ఆ ఉన్నితో ఏదో అల్లుతూ ఉండేది. ఎవరికి అని అడిగాను.

"సలిలో ఉండేవోడికి" అంది.

శివుడికి టోపీ అనుకున్నాను. ఆ తల మీద గంగా, చంద్రుడూ ఉండగా టోపీ ఎక్కడ పడుతుందని కూడా ఆలోచించాను. దేవుడి విషయంలో ఎందుకులే అని పైకి అడగలేదు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా క్షేత్రానికి వెళుతుంటే, వెళ్లలేనివాళ్లు తమ పేరున కొట్టమని కాయ ఇచ్చి పంపుతారు. నేను వెళ్లేది కూలిపని లాంటి ఉద్యోగానికి అని ఎంత మొత్తుకున్నా మా తెలుగువాళ్లు వినలేదు. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో కుట్టుపనికి వెళ్లే మా పిన్ని అంత దూరం నుంచీ బస్సు పట్టుకుని వచ్చి మరీ ఒక కాయ ఇచ్చింది. బయల్దేరేనాటికి నా సంచీ నిండా కాయలే. అన్నిటికన్నా చివర మామ్మ తన మూట ఇచ్చింది. పాత చీర గుడ్డలో చుట్టి గట్టిగా ముడి వేసింది.

"దెబ్బ తగలకండా సుట్టూ గుడ్డలెట్టేను. కొండకాడే విప్పాల. ఈలోపల విప్పేవంటే ఒట్టే" అంది.

విమానాశ్రయంలో నా సంచీ తూచేసరికి ఊ కోటు కోటు గుండీలు విప్పుకున్నాడు. ఆయన అలా చెయ్యడం నేను మొదటిసారి చూశాను. "ఇది విమానమా, కొబ్బరితోటా?" అని కేకలేసి కాయలన్నీ తీయించాడు. సాగనంపడానికి వచ్చిన మా అన్న వాటిని గోనెలో నింపుకున్నాడు. (నేను తిరిగొచ్చేదాకా మా వీధంతా కొబ్బరిపాల నూడుల్సు తిన్నారట.) మామ్మ మూట మాత్రం వదలనన్నాను. ఇంకా బరువు తగ్గాలన్నాడు. అయితే ఇవి తీసెయ్యండి సయా అని నా ఉన్ని స్వెట్టరూ, మంకీ క్యాపూ తీసి అన్నకి ఇచ్చేశాను. ఎంత త్యాగం చేశానో మామ్మకి తప్పకుండా చెప్పమన్నాను కూడా.

మేం నడిపించాల్సిన బృందం అంటే జపాన్ నుంచి వచ్చిన ఒక రిటైరైన బడి మాష్టారు, ఆయన భార్య. ఉత్తరాన కొండల కింది ఊరు పుటావోలో విమానం దిగాక అసలు దారి తెలిసిన కొండవాళ్లు కలిశారు. నేను మాటలకి మాత్రమే గైడుని. ఆ మాటలు కూడా మొదటి ఎత్తు ఎక్కేసరికి అయిపోయాయి. మెట్లంటే ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, ఎక్కినంత దూరం ఎక్కినట్టే ఉంటుంది. కొండ అలా కాదు. పొద్దుటినుంచీ ఎక్కి, సాయంత్రానికి అదంతా దిగిపోయి, ఏటి మీద వేలాడే వంతెన దాటి, మర్నాడు మళ్లీ మొదలు. వాన, బురద, కాళ్లకి జలగలు. ఇన్ని రోజులు నడిచినా మంచు జాడ లేదు. ముసలి దంపతులు పాట పాడుకుంటూ ముందు పోయేవారు. ప్రతి ఎత్తు మీదా కూర్చుని, ఫ్లాస్కులో టీ పోసి పట్టుకుని, తమ గైడు వస్తాడేమోనని కిందికి చూస్తూ ఉండేవారు. నా మూటలో ఏముందని అడిగితే ఆయాసపడుతూనే మామ్మ మొక్కు సంగతంతా చెప్పాను. ఆ తర్వాత ఆ తల్లి రోజూ పొద్దున్నే నా సంచీకి ఒకసారి వంగి దండం పెట్టేది.

చివరికి చెట్లు అయిపోయాయి, రాళ్లు మొదలయ్యాయి, ఒక తెల్లవారుజామున ఎదురుగా మంచుకొండ నిలబడింది. అంతవరకూ నేను వేసిన వేషాలన్నీ ఆ తెల్లదనం ముందు తేలిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. చలికి చెవులు ఉన్నాయో ఊడిపోయాయో తెలియడం లేదు. బేస్ క్యాంపు అంటే ఏదో అనుకున్నాను గాని, అది నాలుగు రాళ్లూ, కాస్త గడ్డీ ఉన్న చదునైన చోటు. మాష్టారు దంపతులు, కొండవాళ్లు వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొట్టడానికి వీలైన రాయి ఒకటి చూసుకుని మూట విప్పాను.

చీర గుడ్డ విప్పితే తువ్వాలు. తువ్వాలు విప్పితే ఎర్ర ఉన్ని మేజోళ్లు. మేజోళ్లు తీస్తే ఎర్ర ఉన్ని టోపీ, చెవుల మీదికి దిగేలా అల్లినది. టోపీ లోపల సొంఠి దట్టించిన తాటిబెల్లం ముద్ద ఒకటి. అంతే. కాయ లేదు. తువ్వాలు దులిపి చూశాను, టోపీ తిరగేసి చూశాను. అందరూ నావైపే చూస్తున్నారు. ఇంత దూరం మోసుకొచ్చి, ఇంతమందికి చెప్పి, మామ్మకి ఇచ్చిన మాట ఇలా అయిందేమిటని తువ్వాలు మళ్లీ దులిపాను. ఏం చెయ్యాలో తోచక ఆ బెల్లం ముద్దనే శివా అనుకుని రాతికేసి కొట్టాను. అచ్చం కాయలాగే రెండు చెక్కలైంది. తలా ఓ ముక్క పెట్టాను. ఆ జపాను తల్లి తన ముక్క తినకుండా ముందు నా దగ్గరికొచ్చి, టోపీ నా తలకి పెట్టి, చెవుల మీదికి లాగింది.

ఇంటికి తిరిగొచ్చి ఐదో అంతస్తు ఎక్కేసరికి మామ్మ గుమ్మంలోనే ఉంది. ఆవిడ అడిగిన మొదటి మాట కాయ గురించి కాదు.

"తలకెట్టుకున్నావా?"

నాకు ఒళ్లు మండింది. "కాయేదీ? నీ మొక్కేం కాను? అంత దూరం వెళ్లి బెల్లం కొట్టొచ్చాను!"

"కాయ ఆ పొద్దున్నే పచ్చడి సేసీసేను. మీ అన్న తినీసేడు."

"మామ్మా!"

"అరవకు. మూట కట్టేటప్పుడు రెండూ పట్టలేదు. ఏది తియ్యాలా అని సూసేను. కొబ్బరికాయకి సలేస్తదేట్రా? నీకేస్తది గాని. నాను మొక్కిందేటి? నువ్వు ఇంటికి రావాలని. అప్పుడొచ్చేవు, ఇప్పుడూ వొచ్చేవు. ఆయనకీ నాకూ సరిపోయింది. కాళ్లు కడుక్కురా, అన్నం సల్లారిపోతంది."

ఆ తర్వాత మళ్లీ అనుమతులు ఆగిపోయాయి. ఊ కోటు ఆఫీసు మూసి అదే చోట గొడుగులు అమ్మాడు. నేను పప్పుల కొట్లోకే వచ్చి కూర్చున్నాను. నా గైడు ఉద్యోగం ఆ ఒక్క కొండతోనే సరి. మామ్మ పోయి చాలా ఏళ్లయింది. టోపీ ఉంది. రంగూన్‌లో డిసెంబరు పొద్దుటిపూట కాస్త చలిగాలి వీచిందంటే చాలు, అది పెట్టుకుని టీ కొట్టుకి వెళతాను. అక్కడివాళ్లు నవ్వుతారు. "సయా, ఏ మంచుకొండ మీదికి ప్రయాణం?" అంటారు. "ఐదో అంతస్తుకి" అంటాను. అబద్ధం కాదు. మా మేడకి ఇప్పటికీ లిఫ్టు లేదు. అప్పట్లో శనగపప్పు బస్తాతో ఎక్కిన మెట్లే, ఇప్పుడు ఒట్టి చేతులతో ఎక్కుతూ మూడో అంతస్తు దగ్గర గోడకానుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని ఎవరైనా పైన కూర్చున్నారేమోనని చూస్తాను. ఎవరూ ఉండరు. చెమట పడుతుంది, ఉన్ని దురదపెడుతుంది, టోపీ తీసెయ్యాలనిపిస్తుంది. కాని తియ్యను. పైన గుమ్మంలో మామ్మ ఆ మాట అడిగితే ఏం చెప్పను?