కేస్ షీట్‌లో రాసిన తాగుడు

మా ఆయన చెంచయ్య ఆ రోజు పొద్దున లేచి రెండడుగులు వేసి, పిక్కలు పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల కాపలా ఆయన పని. జ్వరమొచ్చినా కాపలా మానని మనిషి అలా కూర్చుంటే నాకు అప్పుడే తేడాగా అనిపించింది.

మూడు రోజులు జ్వరం మాత్రలు వేశాను. నాలుగో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, ఒంటేలు తగ్గిపోయింది. టౌనులో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దాని పేరు చెప్పను. రేపు మళ్లీ అక్కడికే వెళ్లాల్సి రావచ్చు.

చీటీ రాసే ఆయన కులం అడిగితే యానాదులమని చెప్పాను. లోపల డాక్టరు గారు చీటీ చూసి, మా ఆయన కళ్లు చూసి, "రోజూ ఎంత తాగుతాడు?" అన్నారు. తాగుతాడా అని అడగనే లేదు. చుక్క కూడా ముట్టడని చెప్పాను. "అందరూ అట్లానే చెప్తారు లేమ్మా" అని నవ్వారు. పనేమిటని అడిగితే గుంటల కాపలా అన్నాం.

బ్లడ్ టెస్ట్‌లో బిలిరుబిన్ ఎక్కువుంది, తాగి లివర్ పాడు చేసుకున్నాడన్నారు. సెలైన్ పెట్టి బాత్‌రూమ్ పక్క మంచం ఇచ్చారు. వేరే మంచాలు ఖాళీగా ఉండగా అదే ఎందుకిచ్చారో నాకిప్పటికీ అనుమానమే. నర్సు ముఖం తిప్పుకున్నా అనుమానం, డాక్టరు మా మంచం దాటిపోయినా అనుమానం. నేను హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాను. కేస్ షీట్ తీసి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే, క్రానిక్ ఆల్కహాలిక్ అని ఉంది.

కాగితం మీద చూశాక నా మనసు కూడా పాడైంది. గుంటల కాడ ఒంటరిగా ఉండే మనిషి కదా అనుకున్నాను. వంగి ఆయన నోరు వాసన చూశాను.

"నిజం చెప్పు మావా. నాకు తెలీకుండా తాగతా ఉండావా?"

"నువ్వు గూడా అడగతా ఉండావా మే" అని ఆయన గోడవైపు తిరిగాడు. పెళ్లయినప్పటి నుంచి నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

మర్నాటికి క్రియాటినిన్ పెరిగింది, ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. కిడ్నీలు దెబ్బతింటున్నాయి, మనిషి దక్కడం కష్టమన్నారు. ఆ పూట కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఈమె చదివేదీ ఆ కాగితమే కదా అనుకున్నాను. ఆమె మొదట ఆయన పిక్క నొక్కింది. ఆయన కేక పెట్టాడు. ఈ మధ్య బురదలో ఏమైనా పని చేశాడా అని నన్నడిగింది.

కోతల ముందు రైతులు పిలిస్తే ఆయన పొలం గట్లలో ఎలుకలు పడతాడు. బొరియకు పొగ పెట్టి, చెయ్యి పెట్టి లాగుతాడు. ఆ మాట చెబితే చాలు, తింటారు కదా అని నవ్వుతారు. అందుకే ఆసుపత్రిలో అది చెప్పకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాం. వాళ్లు లేని తాగుడు రాశారు, మేము ఉన్న పని దాచాం.

"ఎలకలు పట్టినాడమ్మా. పది రోజులైంది. కాలికి పుండు గూడా ఉండాది."

ఆమె నవ్వలేదు. "లెప్టోస్పైరోసిస్ అయ్యుండొచ్చు. ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి వస్తుంది. ఈ మాట మొదటి రోజే తెలియాల్సింది" అంది. అది మమ్మల్ని అందో, ఆ డాక్టరు గారిని అందో తెలియలేదు.

టెస్ట్‌కు పంపి, రిపోర్ట్ రాకముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. రిపోర్ట్ పాజిటివ్ వచ్చింది. రెండుసార్లు డయాలసిస్ చేశాక ఒంటేలు దారిలో పడింది. డిశ్చార్జ్ కాగితం నర్సును చదివి వినిపించమంటే, మొదటి వరుసలో ఆల్కహాలిక్ అలాగే ఉంది. అది కొట్టేసేదాకా కదలనని కూర్చున్నాను. కొట్టేసి సంతకం పెట్టారు.

ఇప్పుడాయన బూట్లు, గ్లౌజులు వేసుకుని పొలానికి పోతాడు. గ్లౌజులో ఎలుక జారిపోతోందని తిడతాడు. మీరు ఆసుపత్రికి పోతే చేసే పనంతా దాచకుండా చెప్పండి, దాన్ని ఎలా రాశారో అక్కడే చదివించుకోండి. కాగితం మీది మాట ఒక్క గీతతో పోయింది. మా ఆయన మాత్రం సాయంత్రం ఇంటికి రాగానే, తమాషాకే, నోరు తెరిచి నా ముందు పెడతాడు. "చూడు మే, వాసన చూడు" అంటాడు. నాకు నవ్వు రాదు.