తమలపాకు తీగకు చెరకు పిప్పి

నాందేడ్ ఎండల గురించి బయటివాళ్లకు చెబితే నమ్మరు. ఏప్రిల్ సగానికల్లా మా పెరటి నల్లరేగడి నోరు తెరుస్తుంది. ఆ పగుళ్లలో నా చెప్పు ఇరుక్కున్న రోజులున్నాయి. నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి. వచ్చినవాటిలో సగం కూలరే తాగేస్తుంది. మిగిలిన సగానికి మనుషులం, గిన్నెలు, బట్టలు పోటీ. అందరి వంతూ అయ్యాకే తమలపాకు తీగ.

ఆ తీగ మా అత్తమ్మది. కర్ఖేలిలో పుట్టింటి బావి గట్టున ఉన్న తీగ నుంచి ముక్క తెచ్చి, ఇక్కడ బట్టలుతికే బండ పక్కన గోడకు పాకించింది. తర్వాత ఆ బావి ఎండింది, అక్కడి తీగా పోయింది. ఇక మిగిలింది ఇదొక్కటే. ప్రతి ఎండాకాలం సగం చచ్చి, వానలకు మళ్లీ లేచేది. ఈసారి మొదలు దగ్గర రెండు కణుపులు తప్ప పచ్చదనం లేదు. బజారు నుంచి ఆకు తెస్తానంటే అత్తమ్మ మొహం తిప్పుకునేది.

"గా ఆకుకు రుచి ఉండది. నా తీగ పోతే నేను ఆకే బందువెడ్త" అంది ఒక రోజు. ఆమె అన్నదంటే అన్నదే. అన్నం తర్వాత ఆ ఒక్క ఆకూ నములుతూ గడపలో కూర్చోవడమే ఆమెకున్న సరదా. అదీ పోతుందంటే ఊరుకోలేకపోయాను.

దానికి తోడు, ఏదైనా కాదంటే నాకు పూనకం వస్తుంది. ఫోన్‌లో వెతికాను. ఎవరో పుణె ఆవిడ మొక్కల చుట్టూ ఎండుగడ్డి పరుస్తూ, మట్టికి ఎండ తగలకపోతే చాలు, సగం నీళ్లతో బతుకుతాయని చెబుతోంది. దాన్నే మల్చింగ్ అంటారట. ఇంత సులువా! పరుగున వంటింట్లోకి పోయి చెప్పాను.

"మల్చింగో గిల్చింగో, ఎవలన్న ఇంట్ల చెత్త పరుసుకుంటరా?" అంది అత్తమ్మ.

అసలు చిక్కు అదే. ఆమె లేస్తూనే చీపురు పడుతుంది. ముందు వాకిలి, తర్వాత పెరడు, ఆఖరున తీగ మొదలు. ప్రేమ ఎక్కువ కాబట్టి అక్కడ మరీ శ్రద్ధగా, ఒక్క ఎండుటాకు మిగలకుండా, మట్టి నున్నగా తేలేదాకా ఊడుస్తుంది. ఊడవని చోట లక్ష్మి నిలవదని ఆమె నమ్మకం. నేను సాయంత్రం వేపాకు ఏరి తెచ్చి పరిస్తే, పొద్దున నేను లేచేసరికి అది కుప్పై, కుప్ప పొగై పోయింది. సోయా పొట్టు వేస్తే ఆవు గేటు తోసుకొచ్చి తిని పోయింది. అత్తమ్మ ఆ ఆవుకు దండం కూడా పెట్టింది.

"కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు" అన్నారు మావారు. ఆ పూట ఆయనకు చాయ్ ఆలస్యమైంది.

రెండు రోజులు ఉడికిపోయాను. మూడోనాడు బజారుకు పోతుంటే చెరకు రసం బండి గజ్జెల చప్పుడు వినిపించింది. బండి వెనక గుట్టగా చెరకు పిప్పి! గాలికి ఎగరదు, నీడకు నీడ, పైగా ఉచితం. అడగ్గానే బండాయన, "న్యా వైనీ, సగళ న్యా" అని అంతా పట్టుకుపొమ్మన్నాడు. స్కూటర్ మీద రెండు గోతాలు వేసుకుని, రసం కాళ్ల మీద కారుతున్నా పట్టించుకోకుండా, లంకెబిందెలు దొరికినట్టు ఇంటికొచ్చాను. చీకటి పడేలోపు తీగ చుట్టూ పరిచేశాను.

పొద్దున చూస్తే పిప్పి ఎర్రగా కదులుతోంది. చీమలు! బండ మీద, గోడ మీద, తీగ మీద, వరసగా వంటింటి గడప దాకా. మావారు స్నానాల గదిలోంచి ఎగురుతూ బయటికొచ్చారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఎండాకాలంలో ఆమె నవ్వగా చూడ్డం అదే మొదలు.

"బెల్లం పరిసి చీమలు రావద్దంటే ఎట్లనే? కుర్డీ వడియాలకు గోధుమలు నానవెట్టి నీళ్లు మార్తమా లేదా? గట్లనే దీన్ని గూడ నానవెట్టి, పిండి, ఎండవెయ్యి."

బట్టలు ఆఖరుసారి జాడించిన నీళ్లలో ఇద్దరం పిప్పి నానబెట్టి, పిండి, మిద్దె మీదికి మోశాం. ఒక పాత చీర మీద తెల్లటి కుర్డీలు, పక్క చీర మీద పిప్పి. పక్కమిద్దె మరాఠీ ఆవిడ, "కాకూ, హే కసలే పాపడ్?" అని పిప్పిని చూపించి, ఇవేం పాపడాలని అడిగింది. "సూన్‌బాయిచే!" అంది అత్తమ్మ. కోడలి పాపడాలట! అందరం పడీపడీ నవ్వాం.

ఎండిన పిప్పి ఎండుగడ్డిలా తేలికైంది. ఈసారి ముందు తడి పెట్టి, మొదలు కుళ్లకుండా చుట్టూ జానెడు వదిలి, నాలుగు వేళ్ల మందాన పరిచాను. అక్కడ చీపురు పెట్టొద్దని బతిమాలాను.

"మల్ల నల్లా అచ్చేదాక సూస్త. గంతే" అంది.

నల్లా వచ్చే రోజు మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాను. వడగాలిలో వెళ్లి పిప్పి కింద చెయ్యి పెట్టాను. తడి! చల్లటి తడి! నా కేకకు అత్తమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి దూర్చాను.

"సల్లగున్నదే!" అంది. చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి పక్కనున్న ఉత్త నేల మీద పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది.

"గిన్నేండ్ల సంది ఊడ్సి ఊడ్సి నేనే దీన్ని ఎండవెట్టిన్నా?"

నాకు నోటి దురుసెక్కువే గానీ ఆ పూట ఆచితూచి మాట్లాడాను. "నువ్వు నీళ్లు పొయ్యకుంటే ఇయ్యాల కప్పుదామంటే తీగ ఏడుండె అత్తమ్మా?" అన్నాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

మర్నాడు పెరట్లోకి వెళ్తే తీగ చుట్టూ ముగ్గు వేసి ఉంది. పిప్పి అంచు వెంబడే, గుండ్రంగా. చీపురు ఆ గీత దగ్గరే ఆగింది. అది చెత్త కాదని లక్ష్మికి తెలియాలి కదా అంది అత్తమ్మ, నేను అడగకముందే.

మే నెల చివరికి తీగ నా నడుమెత్తు పాకింది. ఎర్రటి చిగురు పచ్చబడి, ఆకు అరచేయంత అయిన రోజు అత్తమ్మ స్నానం చేసి వచ్చి కోసింది. ఎప్పుడూ కొత్త కోత మొదటి ఆకు దేవుడి గూట్లోకే పోతుంది. నేను దీపం వెలిగించబోయాను. ఆమె సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నా నోటి ముందుకు తెచ్చింది.

"అత్తమ్మా, దేవునికి..."

"తిను బిడ్డా. దేవుడు రేపు తింటడు."