గాలి చూడాలి, దిగండి!

మా బాబాయికి దేవుడంటే భక్తి, పిన్నంటే భయం, బ్రేకంటే అసహ్యం. బ్రేకు తొక్కిన ప్రతిసారీ చెంచాడు పెట్రోలు రోడ్డుపాలవుతుందని ఆయన నమ్మకం. అర కిలోమీటరు దూరంలో ఆవు కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవాడు. బండి దొర్లుకుంటూ అక్కడికి చేరేసరికి ఆవు రోడ్డు దాటి, అవతల కడుపునిండా మేసి, నెమరు కూడా వేస్తూ ఉండేది.

"చూశావా అమ్మడూ, బ్రేకుతో పనే పడలేదు!"

"నడిచినా ఈపాటికి చేరిపోయేవాళ్ళం బాబాయ్!"

ఆ పాత నీలం కారు రెక్సిన్ సీట్ల వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. ఎక్కడికైనా బయల్దేరే ముందు బాబాయి డిక్కీ తెరిచి గొడుగు, పాత పత్రికలు, పిన్ని చెప్పులు ఒక్కొక్కటే తీసి వరండాలో పెట్టేవాడు. అనవసరపు బరువు మైలేజీని తినేస్తుందట.

"అయితే నన్నూ దించేయండి, ఇంకో రెండు కిలోమీటర్లు కలిసొస్తాయి," అంది పిన్ని ఓసారి.

బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణానికి ఇంట్లో వారం రోజులు మాటల్లేవు.

వీటన్నిటినీ మించింది గాలి పిచ్చి. హాయిగా పోతున్న బండిని ఉన్నట్టుండి పక్కకి ఆపి, జేబులోంచి గేజి తీసి, "టైర్లో గాలి చూడాలి, దిగండి!" అనేవాడు. నాలుగు చక్రాలూ చూసి, చివరికి స్టెప్నీనీ వదిలేవాడు కాదు.

నా పదో తరగతి పరీక్షా కేంద్రం ముప్ఫై కిలోమీటర్ల దూరంలో పడింది. నాకేమో బస్సెక్కితే వాంతులు. అంతకుముందు సంవత్సరం బొమ్మలేసే పోటీకి వెళ్ళి, బస్సు దిగుతూనే అందరి ముందూ సొమ్మసిల్లాను. "ఏడాది పోతే పోయింది, ఈసారికి వద్దులే," అనేసింది అమ్మ. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే బాబాయి వచ్చాడు.

"నేను తీసుకెళ్తాలే వదినా. ఎలాగూ ఆ రోడ్డు మీద మైలేజీ చూసుకోవాలి."

మొదటి పరీక్ష రోజునే దారిలో నాలుగుసార్లు ఆపాడు!

"బాబాయ్, గంట కొట్టేస్తారు!"

"గాలి తగ్గితే ఇంజిన్ ఎంత ఈడవాలో తెలుసా? నువ్వూ దిగు."

రోడ్డు పక్కన నిలబడి, ఆయన్ని తిట్టుకుంటూ గట్టిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. గంటకు ఐదు నిమిషాల ముందు చేరాం. విచిత్రం, ఒక్క వాంతీ కాలేదు. నా అదృష్టం అనుకున్నాను. పరీక్షలన్నీ అలాగే రాశాను, పాసయ్యాను. "బాబాయి మైలేజీ వల్ల నా చదువు కొండెక్కేదే," అని పాతికేళ్ళు కనపడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వించాను.

పోయిన నెల బాబాయి కారు తాళాలు నాకు అప్పగించాడు. సర్వీసింగుకి తీసుకెళ్ళి, ఆయన పాత మెకానిక్ దగ్గర ఈ గాలి కథంతా చెప్పాను.

"దారిలో చూసేవారా? ఛ, ఆయన అలా చెయ్యరమ్మా," అన్నాడు మెకానిక్. "పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలని నాకు పాఠం చెప్పిందే ఆయన. పరిగెత్తి వేడెక్కిన టైరు తప్పు లెక్క చూపిస్తుందట."

అప్పుడు గుర్తొచ్చింది. వెనక సీట్లోంచి ఎప్పుడు చూసినా అద్దంలో బాబాయి కళ్ళే కనపడేవి. రోడ్డు చూసుకోవాల్సిన అద్దంలో ఆ మనిషి నా మొహం రంగు చూసుకునేవాడన్నమాట! నలుగురిలో నా పరువు పోకుండా, తనే పిచ్చివాడనిపించుకున్నాడు. నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి.

మొన్న ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కొత్త మాత్రలు పడక, పక్క సీట్లో మొహం పాలిపోయింది. గబుక్కున బండి పక్కకి ఆపాను.

"టైర్లో గాలి చూడాలి బాబాయ్, దిగు."

దిగి, చెట్టు నీడన నిలబడి నాలుగుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు. మొహం తేటపడింది. గేజి లేకుండా టైరు ముందు కూర్చున్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ మెకానిక్‌గాడు చెప్పాడా?"

"ఏం చెప్పాడు?" అన్నాను అమాయకంగా.

బాబాయి ముసిముసిగా నవ్వాడు. అంతలోనే ఉలిక్కిపడి బండి వైపు చూశాడు.

"అదంతా సరే గానీ, ఇంజిన్ ఆపలేదేంటే? పెట్రోలంతా ఊరికే తగలబడిపోతోంది!"