అల్ రువైస్‌లో నీళ్లు తిరిగొచ్చిన శుక్రవారం

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరాయంటే అమ్మ తలుపు గడియ పెట్టేసేది. తొంభైల నాటి మాట. ఖతార్‌లో ఉత్తరం కొసన ఉన్న అల్ రువైస్‌కి అప్పుడే కొత్తగా మారాం. మీరంతా వేసవి సెలవుల్లో వీధులు ఏలుతుంటే, నేనూ చెల్లి సునీతా ఏసీ గదిలో అష్టాచెమ్మా ఆడుకుంటూ కూర్చున్నాం. మంచం మీంచి మంచం మీదికి దూకడమే మాకు పెద్ద ఆట...

నాన్న ఏసీ మెకానిక్. ఎండాకాలమంతా ఆయనకు డ్యూటీయే డ్యూటీ. అందుకే అన్ని నెలలైనా సముద్రం మొహం చూడలేదు. చలిగాలి మొదలయ్యాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మమ్మల్నిద్దరినీ తీసుకెళ్లాడు.

వెళ్లి చూస్తే సముద్రమే లేదు... నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఇటంతా తడి ఇసుక. నాన్నది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. ఆయనకు తెలిసిన నీళ్లు చెరువు నీళ్లే. అవి ఒకసారి ఎండితే మళ్లీ వానలు పడేదాకా రావు.

"నీళ్లు ఎండినయ్ బిడ్డా, ఉరుకుండ్రి" అన్నాడు. తను ఒడ్డున తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు.

ఇక చూడాలి మా సంబరం... పీతల వెంట, గవ్వల వెంట పడి ఎంత దూరం పోయామో మాకే తెలియదు. సునీతే ముందు ఆగిపోయింది. ఏడేళ్ల పిల్ల. "అక్కా, నా కాళ్లు వస్తలేవే" అంటూ కూలబడింది. పిక్కలు పట్టేశాయి. అన్ని నెలలు నాలుగు గోడల మధ్య ఉన్న కాళ్లు మరి... నావీ వణుకుతున్నాయి.

వెనక్కి తిరిగితే, మాకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు. అలల్లేవు, చప్పుడు లేదు. నేలలోంచి ఊరుతున్నట్టు పెరుగుతున్నాయి... చెల్లిని వీపున ఎక్కించుకుని నాలుగడుగులు వేశానో లేదో ఇద్దరం పడ్డాం. లేచేసరికి నీళ్లు దాని నడుం దాకా వచ్చాయి. "నాన్నా" అని అరుస్తుంటే ఆ గాలికి నా గొంతు నాకే వినపడలేదు. చెల్లి చచ్చిపోతుందనుకున్నాను. అమ్మకేం చెప్పాలి అనుకున్నాను...

వలలు సర్దుకుంటున్న జాలరి ఒకాయన నాన్నను తట్టి లేపి, "బచ్చే ఉధర్ హై, పానీ ఆ రహా" అన్నాడట, పిల్లలు అటున్నారు, నీళ్లొస్తున్నాయి అని. నాన్న చెప్పులతోనే నీళ్లలోకి పరుగెత్తాడు. చెల్లిని భుజాన వేసుకుని, నన్ను జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. ఒడ్డుకు చేరాక ఒక్క మాట తిట్టలేదు. "మల్లొస్తయని నాకు ఎర్క లేదు బిడ్డా, ఎర్క లేదు" అంటూనే ఉన్నాడు. నాన్న అలా తడబడటం అదే మొదటిసారి చూడటం. అది చూశాక నీళ్లలో ఉన్నప్పటికంటే ఎక్కువ భయమేసింది.

తర్వాతి ఎండాకాలం ఎంత అలసిపోయి వచ్చినా సరే, మంచాలు గోడకు జరిపి మా ఇద్దరినీ గదిలోనే ఉరికించేవాడు. "కాళ్లు ఊకె ఉండొద్దు" అనేవాడు.

ఇప్పుడక్కడ పిల్లలకు ఏసీలోనే ఆటస్థలాలు ఉన్నాయట. ఏ కాలమైనా వాళ్లకొక్కటే. మంచిదే... కానీ మొదటి చలిగాలికి బయటపడి ఒళ్లు తెలియకుండా పరుగెత్తడం వాళ్లకేం తెలుస్తుంది? మిమ్మల్నీ అలా భయపెట్టిన ఆట ఏదైనా ఉంటే రాయండి, చదువుకుంటాను.

సునీత తన పిల్లలను బీచ్‌కి తీసుకెళ్తుంటుంది. నాకు మాత్రం ముందు చెప్పదు. అందరూ ఇల్లు చేరాకే ఫోన్ చేసి, "అక్కా, పోయొచ్చినం" అంటుంది...